నీలి హెల్మెట్ కింద ఎవరి ఆజ్ఞ?

ఖరగ్‌పూర్ స్టేషన్ నుంచి హిజ్లీ మీదుగా, ఐఐటీ దాటి ముందుకు పోతే సాలువా వస్తుంది. బెంగాల్ పోలీసు శాఖకు చెందిన ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ప్రధాన కేంద్రం ఇక్కడే. వైమానిక దళానికీ ఇక్కడ ఒక స్థావరం ఉంది. జవాన్ల కుటుంబాల్లో ఎక్కువమంది గూర్ఖాలు. కొద్ది మైళ్ల ఇవతల, నింపురాలో, మథురాకాటిలో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మనవాళ్లు ఉన్నారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబాలవి. ఒకే పట్నం చుట్టూ ఒకవైపు తుపాకీ పట్టి బతికే సమాజం, మరోవైపు సుత్తీ పానా పట్టి బతికే సమాజం.

దూరదేశాల యుద్ధాలు ఈ నేలకు కొత్త కాదు. 1944లో అమెరికా బీ-29 బాంబర్లు ఇక్కడి రన్‌వేల మీంచి లేచాయి. ఆ దళం ప్రధాన కార్యాలయం హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో నడిచింది. 1951లో ఐఐటీ మొదలైంది కూడా ఆ భవనంలోనే. ఎక్కడో కూర్చుని ఎవరో తీసుకున్న నిర్ణయం పల్లెటూరి పొలాల మీద కాంక్రీటుగా పరుచుకోవడం ఈ ప్రాంతం కళ్లారా చూసింది. అందుకే ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణలో భారత సైన్యం పాత్రను ఇక్కడ నిలబడి బేరీజు వేయడం సబబు అనిపిస్తుంది.

ఈ పాత్ర గురించి ఎవరు మాట్లాడినా రెండు అంకెలు చెబుతారు. 1950ల నుంచి ఇప్పటివరకు 2,90,000 మందికి పైగా భారతీయులు 50కి పైగా మిషన్లలో పనిచేశారు. వారిలో దాదాపు 180 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏ దేశమూ ఇంతమందిని కోల్పోలేదు. రెండు అంకెలూ నిజమే, గర్వించదగ్గవే. కానీ వాటి దగ్గర ఆగిపోతే అసలు ప్రశ్న మిగిలిపోతుంది: ఆ సైనికుడి చేతిలో పెట్టిన ఆదేశం ఎవరు రాశారు, అందులో ఏముంది? ఏడు దశాబ్దాల చరిత్రను వరసగా చదివితే నాకు తేలింది ఇది. మనవాళ్ల ధైర్యంలో కాలాన్ని బట్టి పెద్ద తేడా లేదు. తేడా అంతా ఆదేశంలోనే ఉంది. ఆదేశం సూటిగా ఉన్న చోట పని జరిగింది. అది తడబడిన చోట సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు, లేదా ప్రజల ముందు తలవంచుకోవాల్సి వచ్చింది.

సమితి చార్టర్‌లో ‘శాంతి పరిరక్షణ’ అనే మాటే లేదు. ఆరో అధ్యాయం వివాదాలను సామరస్యంగా తీర్చుకోవడం గురించి, ఏడో అధ్యాయం బలప్రయోగం గురించి చెబుతాయి. ఈ రెంటికీ నడుమ పుట్టిన పద్ధతి కాబట్టి దీన్ని ‘ఆరున్నరో అధ్యాయం’ అనేవారు. ఉభయ పక్షాల సమ్మతి, పక్షపాతం లేకపోవడం, ఆత్మరక్షణకు తప్ప తుపాకీ పేల్చకపోవడం అనే మూడు నియమాల మీద అది నిలబడింది. 1999 నుంచి సామాన్య పౌరుల ప్రాణరక్షణ కూడా ఆ బాధ్యతల్లో చేరింది. చిక్కంతా అక్కడే మొదలైంది.

మన కథ కొరియాతో మొదలవుతుంది. 1950లో భారత్ అక్కడికి పోరాడే దళాన్ని పంపలేదు. 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను, అంటే వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ దాని నాయకుడు. 1951 మార్చిలో మున్సానీ దగ్గర అమెరికా పారాట్రూపర్లతో పాటు మన డాక్టర్లూ ఆకాశం నుంచి దూకారు. రంగరాజ్‌కు మహావీర్ చక్ర వచ్చింది. అంతకన్నా కష్టమైన పని 1953లో ఎదురైంది. కాల్పుల విరమణ కుదిరింది గానీ, స్వదేశానికి తిరిగి వెళ్లమని మొండికేసిన యుద్ధఖైదీలు 22 వేలకు పైగా మిగిలారు. వాళ్లను కాపలా కాయడం, ఒక్కొక్కరి మనసులో మాట తెలుసుకోవడం తటస్థ దేశాల కమిషన్ పని. దాని అధ్యక్షుడు జనరల్ కె.ఎస్. తిమ్మయ్య. కాపలా బాధ్యత మేజర్ జనరల్ ఎస్.పి.పి. థోరట్ నాయకత్వంలోని కస్టోడియన్ ఫోర్స్ ఇండియాది. ఇది సమితి నేరుగా నడిపిన మిషన్ కాదు, కాల్పుల విరమణ ఒప్పందం ప్రకారం ఏర్పడిన ఏర్పాటు. అయినా మన శాంతి పరిరక్షణకు బడి అదే.

దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి మనం తటస్థంగా ఉండటం గిట్టలేదు. భారత సైనికుడి కాలు తన నేల మీద పడటానికి వీల్లేదన్నాడు. దాంతో ఇంచోన్ రేవులో ఓడ దిగాల్సిన మన జవాన్లను అమెరికన్ హెలికాప్టర్లు సైన్యరహిత మండలం దాకా మోసుకెళ్లాయి. అక్కడ వాళ్లు వేసుకున్న గుడారాల ఊరికి హింద్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. రోజువారీ పని ఇలా ఉండేది. ఖైదీని ఒక గుడారంలోకి తీసుకొస్తారు. అతని దేశం ప్రతినిధులు ‘ఇంటికి రా’ అని నచ్చజెబుతారు. గుడారానికి బయటికి దారితీసే తలుపులు రెండు. ఒకటి స్వదేశానికి, ఇంకోటి తిరిగి శిబిరానికి. ఏ తలుపు ఎంచుకోవాలో ఖైదీ ఇష్టం. అతన్ని ఎవరూ నెట్టకుండా, బెదిరించకుండా చూడటమే మన జవాను పని. ఖైదీలు అరుస్తారు, రాళ్లు విసురుతారు, మీద పడతారు. ఒకసారి మన అధికారి ఒకరిని శిబిరం లోపలికి లాక్కుపోతే, థోరట్ ఆయుధం లేకుండా లోపలికి నడిచి, మాట్లాడి, విడిపించుకొచ్చాడు. చివరికి ఏ దేశానికీ వెళ్లం అన్న 88 మందిని మనవాళ్లు ఓడలో వెంటబెట్టుకుని 1954లో భారత్‌కు తెచ్చారు. తుపాకీ చేతిలో ఉండీ వాడకుండా పని ముగించడం ఎలాగో సైన్యం నేర్చుకున్నది అక్కడే. ఎవరు ఏం చేయాలో, ఎప్పటిదాకా చేయాలో కాగితం మీద స్పష్టంగా ఉండబట్టే అది సాధ్యమైంది.

1956లో సూయెజ్ సంక్షోభం తర్వాత గాజా, సినాయ్‌లలో నిలిచిన తొలి సాయుధ శాంతి దళంలో భారత పటాలం పదకొండేళ్లు ఉంది. దళానికి కొంతకాలం జనరల్ పి.ఎస్. గ్యానీ, చివర్లో ఇందర్‌జిత్ రిఖ్యే నాయకత్వం వహించారు. అక్కడ కాపలా అంతా ఈజిప్టు సమ్మతి మీదే ఆధారపడింది. 1967 మేలో ఆ దేశాధ్యక్షుడు నాసర్ ఆ సమ్మతి వెనక్కి తీసుకున్నాడు. దళం మూటాముల్లె సర్దుకుంటుండగానే జూన్ 5న యుద్ధం వచ్చిపడింది. ఇజ్రాయెల్ కాల్పుల్లో పదిమందికి పైగా భారత సైనికులు చనిపోయారు. వాళ్లు ఎవరి పక్షాన పోరాడుతూ చనిపోలేదు, వెళ్లిపోతూ చనిపోయారు. సమ్మతి అనే సూత్రం ఎంత సన్నని దారమో చెప్పడానికి దీనికన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

ఇక కాంగో. మన శాంతి పరిరక్షణ చరిత్ర మొత్తంలో ఎక్కువసేపు ఆగి చూడాల్సిన చోటు ఇది. 1960 జూన్ 30న బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. రెండు వారాలు తిరక్కుండానే ఖనిజాల ప్రాంతం కటాంగా విడిపోయానంది. దానికి విదేశీ కిరాయి సైనికులు అండ. సమితి ప్రత్యేక ప్రతినిధిగా మన దౌత్యవేత్త రాజేశ్వర్ దయాళ్ వెళ్లాడు. కానీ భారత్ వెంటనే పోరాట దళాన్ని పంపలేదు. 1961 జనవరిలో కాంగో తొలి ప్రధాని లుముంబాను చంపేశారు. ఫిబ్రవరి 21న భద్రతామండలి, అంతర్యుద్ధాన్ని ఆపడానికి ఆఖరి మార్గంగా బలం ప్రయోగించవచ్చని తీర్మానం చేసింది. అప్పుడు గానీ నెహ్రూ ప్రభుత్వం 99వ పదాతి బ్రిగేడ్‌ను కదిలించలేదు. ఈ వరుస గుర్తుపెట్టుకోవాలి. ముందు ఆదేశం, తర్వాత సైన్యం.

1961 డిసెంబరు 5. కటాంగా రాజధాని ఎలిజబెత్‌విల్‌లో సమితి కార్యాలయానికీ విమానాశ్రయానికీ మధ్య కటాంగా సాయుధ పోలీసులు, అంటే జెండార్మ్‌లు, అడ్డుకట్ట పెట్టారు. దాన్ని తొలగించే పని 3/1 గూర్ఖా రైఫిల్స్‌ది. ఎదురుగా ఒక కంపెనీ దాడి చేస్తుంది, శత్రువు వెనక్కి తప్పించుకోకుండా విమానాశ్రయం వైపు నుంచి కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా చిన్న దళంతో మూసేయాలి. అతను అనుకున్నదానికన్నా ముందే 90 మంది దాకా ఉన్న దళం ఎదురైంది, సాయుధ కార్లతో సహా. అతని దగ్గర ఉన్నది 16 మంది. ముందు రాకెట్ లాంచర్‌తో కార్లను పేల్చారు. తర్వాత బాయ్‌నెట్లతో, ఖుక్రీలతో మీదపడ్డారు. దాదాపు 40 మంది శత్రువులు పడిపోయారు, మిగిలినవాళ్లు పరుగు తీశారు. మెడకు తూటాలు తగిలిన సలారియా ఆ గాయాలతోనే కన్నుమూశాడు. సమితి దళంలో పనిచేస్తూ పరమవీర చక్ర పొందినవాడు ఆయన ఒక్కడే. సాలువాలో ఖుక్రీ అంటే గోడకు తగిలించుకునే అలంకారం కాదు, ఇంటింటి వస్తువు. ఆ ఇళ్లకు సలారియా కథ చరిత్ర పాఠంలా వినపడదు.

అదే సమయంలో మన వైమానిక దళం 5వ స్క్వాడ్రన్ కాన్‌బెరా బాంబర్లు ఆరు కాంగోలో ఉన్నాయి. వింగ్ కమాండర్ ఎ.ఐ.కె. స్వారెస్ నాయకత్వంలో కొల్వెజీ విమానాశ్రయం మీద దాడి చేసి కటాంగా విమానాలను నేలమీదే ధ్వంసం చేశాయి. ఖరగ్‌పూర్ వాళ్లకు కాన్‌బెరా అంటే వేరే సంగతి గుర్తొస్తుంది. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలు పక్కనున్న కలైకుండా స్థావరం మీద పడి ధ్వంసం చేసినవాటిలో ఆ రకం విమానాలూ ఉన్నాయి. నాలుగేళ్ల ముందు సమితి తరఫున మన విమానాలు చేసిన పని, నాలుగేళ్ల తర్వాత మన మీద శత్రువు చేశాడు. యుద్ధంలో నేలమీదున్న విమానం ఎంత నిస్సహాయమో రెండు చోట్లా ఒకే పాఠం.

కాంగో పోరు చివరి అంకంలో దక్షిణాది పటాలం ఉంది. బ్రిగేడియర్ రెజినాల్డ్ నరోన్హా కింద 99వ బ్రిగేడ్, అందులో 4 మద్రాస్, రాజ్‌పుతానా రైఫిల్స్ జవాన్లు, కూల్చేసిన వంతెనలున్న లుఫిరా నదిని దాటి 1963 జనవరి 3న జాడోట్‌విల్ చేరుకున్నారు. కటాంగా వేర్పాటు అక్కడితో కుప్పకూలింది. మద్రాస్ రెజిమెంట్ అంటే తమిళ, మలయాళ, కన్నడ యువకులతో పాటు మన తెలుగువాళ్లూ చేరే దళం. ఒక సంగతి మనం తరచూ మరిచిపోతాం. 1962 అక్టోబరు, నవంబరుల్లో చైనా చేతిలో మన సైన్యం దెబ్బ తింటున్న రోజుల్లో కూడా ఈ బ్రిగేడ్ కాంగోలోనే ఉంది. సొంత ఇంటి గోడ కూలుతుంటే పక్కవాడి ఇంటికి కాపలా కాసినట్టయింది. నెహ్రూ ఆ మాట నిలబెట్టుకోవడం ఒప్పా తప్పా అని వాదించుకోవచ్చు. నా మట్టుకు అది గొప్ప నిబ్బరం. మిషన్ సాగిన నాలుగేళ్లలో కాంగోలో 39 మంది భారతీయులు చనిపోయారు.

సైప్రస్‌లో 1964లో మొదలైన సమితి దళానికి ముగ్గురు భారత జనరళ్లు నాయకత్వం వహించారు. గ్యానీ తర్వాత వచ్చిన తిమ్మయ్య 1965 డిసెంబరులో విధుల్లో ఉండగానే అక్కడ మరణించాడు. కొన్నేళ్ల తర్వాత జనరల్ ప్రేమ్‌చంద్ దాన్ని ఏడేళ్లు నడిపాడు. నమీబియా స్వాతంత్ర్యం నాటి దళానికీ ఆయనే కమాండర్.

ఇక్కడ శ్రీలంక గురించి ఒక మాట చెప్పకపోతే ఈ లెక్క నిజాయితీగా ఉండదు. 1987 నుంచి 1990 దాకా అక్కడ ఉన్న మన దళం పేరులో శాంతి పరిరక్షణ ఉంది. కానీ అది సమితి దళం కాదు, రెండు దేశాల ఒప్పందం మీద వెళ్లింది. ఆయుధాలు సేకరించడానికి వెళ్లినవాళ్లు మూడు నెలలకే జాఫ్నా వీధుల్లో ఎల్‌టీటీఈతో యుద్ధంలో దిగారు. దాదాపు 1,200 మంది చనిపోయారు. సమితి మిషన్లన్నిటిలో ఏడు దశాబ్దాల్లో మనం కోల్పోయినవాళ్లకు ఇది ఆరు రెట్లకు పైగా. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీ నుంచి వెనుదిరిగింది. పని మధ్యలో మారిపోయి, ఆ మార్పు ఎవరూ కాగితం మీద రాయకపోతే ఏమవుతుందో ఆ సంఖ్యే చెబుతుంది. ఆ సైనికులకు మద్రాసులో దక్కిన స్వాగతం ఎంత చల్లగా ఉందో అప్పటి పేపర్లు చదివినవాళ్లు మరిచిపోలేరు.

1990ల్లో మిషన్లు ఒక్కసారిగా పెరిగాయి. కాంబోడియా, మొజాంబిక్, సోమాలియా, రువాండా, అంగోలా ఇలా మనవాళ్లు అన్నిచోట్లా ఉన్నారు. యుగోస్లావియా దళానికి తొలి కమాండర్ లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. వీటిలో ఎక్కువ చెప్పుకోవాల్సింది సియెర్రా లియోన్. 2000 మేలో ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదారులు వందల మంది సమితి సైనికులను బందీలుగా పట్టుకున్నారు. కైలాహున్‌లో ఉన్న మన గూర్ఖా కంపెనీలను, 220 మందికి పైగా జవాన్లను చుట్టుముట్టారు. ఆయుధాలు ఇచ్చేయమన్నారు. మనవాళ్లు ఇవ్వలేదు. అలాగని దారి తెరిపించుకునేంత బలగమూ లేదు. రెండు నెలలకు పైగా ముట్టడిలో ఉన్నారు. కబుర్లు, బేరసారాలు, వాయిదాలు. జులై 15 తెల్లవారుజామున వానలో బ్రిటిష్ చినూక్ హెలికాప్టర్లు దిగి మిలటరీ పరిశీలకులను, జబ్బుపడ్డవాళ్లను ఎత్తుకెళ్లాయి. తర్వాత మన ఎంఐ-35 హెలికాప్టర్ల అండతో కంపెనీలు ముట్టడి చీల్చుకుని దారూ వైపు నడిచాయి. ఆపరేషన్ ఖుక్రీలో మనవైపు ఒక్కరే చనిపోయారు. సైనిక దృష్టితో ఇది మేటి విజయం.

కానీ రెండు నెలల్లోనే భారత్ ఆ మిషన్ నుంచి వైదొలుగుతానని ప్రకటించింది. దళాధిపతి మేజర్ జనరల్ వి.కె. జెట్లీ మిషన్‌లోని నైజీరియన్ అధికారుల మీద రాసిన రహస్య పత్రం బయటపడి పెద్ద రగడ అయింది. మిషన్ పెట్టినప్పుడే, ఒప్పందం అమలుకు వస్తున్నామా, తిరుగుబాటుదారులతో పోరాడటానికి వస్తున్నామా అన్నది తేలలేదు. ఆ తేలకపోవడమే జెట్లీకీ నైజీరియాకూ మధ్య గొడవగా బయటికి వచ్చిందని నా అభిప్రాయం. వ్యక్తుల కయ్యంగా చదివితే అసలు రోగం కనపడదు.

తర్వాతి దశ మరీ కష్టం. తూర్పు కాంగోలో 2005 నుంచి భారత బ్రిగేడ్ ఉత్తర కివూలో ఉంది. పౌరులను రక్షించమని ఆదేశం ఉంది, సరిపడా బలగం లేదు, ఎదురుగా అడవుల్లో డజన్ల కొద్దీ సాయుధ ముఠాలు. 2012 నవంబరులో ఎం23 అనే తిరుగుబాటు ముఠా గోమా పట్నాన్ని పట్టుకున్నప్పుడు సమితి దళాలు అడ్డుకోలేకపోయాయి. 2013లో దాడి చేసే అధికారం ఉన్న ప్రత్యేక బ్రిగేడ్‌ను దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ సైనికులతో పెట్టారు. పదేళ్లకు కథ మళ్లీ మొదటికి వచ్చింది. 2022 జులైలో సమితి దళం తమను కాపాడలేదన్న కోపంతో జనం బుటెంబోలోని స్థావరం మీదికి వచ్చారు. ఇద్దరు బీఎస్‌ఎఫ్ జవాన్లు, ఒక మొరాకో సైనికుడు చనిపోయారు. పౌరులూ చనిపోయారు. ఎవరిని కాపాడటానికి వెళ్లారో వాళ్ల చేతుల్లోనే చావడం కన్నా దారుణం ఉంటుందా? 2025 జనవరిలో గోమా మళ్లీ ఎం23 వశమైంది.

దక్షిణ సూడాన్‌లోనూ ఇలాంటిదే. 2013 ఏప్రిల్‌లో జోంగ్లీ ప్రాంతంలో కాన్వాయ్ మీద జరిగిన దాడిలో అయిదుగురు భారత సైనికులు చనిపోయారు. అదే ఏడాది డిసెంబరులో అకోబోలోని చిన్న స్థావరంలో కొందరు డింకా పౌరులు తలదాచుకున్నారు. వేలల్లో వచ్చిన సాయుధ గుంపు చుట్టుముట్టింది. ఆ పూట లోపలున్నది కొద్దిమంది భారత జవాన్లే. పౌరులూ చనిపోయారు, మన జవాన్లూ చనిపోయారు. ఇలాంటి చోట ‘తటస్థంగా ఉండు’ అన్న మాటకూ ‘పౌరుణ్ణి కాపాడు’ అన్న మాటకూ సఖ్యత లేదు. న్యూయార్క్‌లో గదిలో కూర్చుని రెండూ ఒకే పేరాలో రాయడం సులువు.

సాలువా వాళ్లకు ఈ చిత్రం తెలియనిది కాదు. 2010 ఫిబ్రవరి 15న బెంగాల్‌లోనే ఉన్న శిల్దాలో బజారు మధ్య పెట్టిన ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేస్తే 24 మంది జవాన్లు చనిపోయారు. అది సమితి మిషన్ కాదు, మన దేశంలో మన పోలీసు దళం. కానీ జనం మధ్య, రక్షణకు వీల్లేని చోట, కొద్దిమందితో ఒక క్యాంపు పెట్టి ‘ఉనికి చాటండి’ అని చెప్పే పద్ధతి అకోబోలో, శిల్దాలో ఒక్కటే. పై అధికారి మ్యాపు మీద చుక్క పెడతాడు, కింద జవాను ఆ చుక్క మీద నిలబడతాడు.

మన ముఖం మీద మచ్చల సంగతి కూడా ఈ సమీక్షలో చెప్పాలి. కాంగోలో మన దళాలకు చెందిన కొందరి మీద లైంగిక దోపిడీ ఆరోపణలు వచ్చాయి. సైన్యం విచారణలు జరిపింది. సమితి నియమం ప్రకారం సైనికుడిని శిక్షించే అధికారం అతన్ని పంపిన దేశానిదే. అంటే బాధితురాలు కాంగో పల్లెలో ఉంటే న్యాయస్థానం వేల మైళ్ల దూరంలో ఉంటుంది. బాధితుల కోసం సమితి పెట్టిన నిధికి అందరికన్నా ముందు లక్ష డాలర్లు ఇచ్చింది భారతే, 2016లో. మంచిదే. కానీ విచారణ ఫలితాలు అక్కడి ప్రజలకు వాళ్ల భాషలో తెలిసేలా చేయడం అంతకన్నా అవసరం.

దీనికి రెండో పక్క ఉంది. 2007 జనవరిలో లైబీరియాకు సీఆర్‌పీఎఫ్ మహిళల దళం వెళ్లింది. సమితి చరిత్రలో మొత్తం స్త్రీలతోనే ఏర్పడిన మొదటి పోలీసు దళం అది. 2016 ఫిబ్రవరి దాకా, జట్లు మారుతూ తొమ్మిదేళ్లు మన్‌రోవియాలో ఉన్నారు. అధ్యక్షురాలి కార్యాలయం ముందు కాపలా కాశారు, రాత్రి గస్తీ తిరిగారు, బడులకు వెళ్లి ఆడపిల్లలతో మాట్లాడారు. ఆ వీధుల్లో ఆడవాళ్లు తుపాకీతో నిలబడటం చూసిన లైబీరియా అమ్మాయిలు పోలీసు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టడం మొదలుపెట్టారు. 2023 జనవరిలో సూడాన్, దక్షిణ సూడాన్ సరిహద్దులోని అబ్యేయ్‌కి మన మహిళా ప్లాటూన్ వెళ్లింది. కాంగోలో పనిచేసిన మేజర్ రాధికా సేన్ 2023కి సమితి లింగ సమానత్వ పురస్కారం అందుకుంది. శాంతి పరిరక్షణలో మన దేశం చేసిన అసలైన కొత్త పని ఏదంటే నేను ముందు లైబీరియా పేరే చెబుతాను.

తెలుగు నేల నుంచి ఈ మిషన్లకు వెళ్లినవాళ్ల కథలు ఊళ్లలో అరుగుల మీదే ఉండిపోయాయి. పశ్చిమ గోదావరిలోని మిలటరీ మాధవరంలో ఇంటికొకరు సైన్యానికి వెళ్లిన చరిత్ర ఉంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు దేశమంతా తెలుసు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన ఆయన అంతకుముందు కాంగోలో సమితి మిషన్‌లోనూ పనిచేశారు. ఆ సంగతి మాత్రం చాలామందికి తెలీదు. గల్వాన్ మన సరిహద్దు కాబట్టి గుండెకు తగిలింది, కాంగో ఎవరిదో కాబట్టి పక్కన పడిపోయింది. ‘యూఎన్ డ్యూటీ’ అనగానే ఊళ్లో ముందు డాలర్ల మాట వస్తుంది. సమితి ప్రతి సైనికుడికి నెలకు 1,400 డాలర్లకు పైగా లెక్కన అతని ప్రభుత్వానికి చెల్లిస్తుంది. అది సర్కారు ఖాతాలోకి పోతుంది. జవానుకు ఇంటి దగ్గరికన్నా ఎక్కువే అందుతుంది, నిజమే. కానీ డబ్బు కోసమే మన సైన్యం వెళ్తోందన్న మాట తప్పు. ఆ చెల్లింపులు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బాకీ పడతాయి. పైసల కోసమే అయితే భారత్ ఎప్పుడో మానుకునేది.

అందుకే మనం అడగాల్సింది పైసలు కాదు, మాట. సమితి చార్టర్ 44వ అధికరణం ప్రకారం, భద్రతామండలిలో లేని దేశాన్ని సైన్యం పంపమని అడిగే ముందు, ఆ సైన్యం వాడకం గురించి తీసుకునే నిర్ణయాల్లో ఆ దేశానికి చోటివ్వాలి. అది అచ్చంగా ఈ మిషన్లకు రాసింది కాకపోవచ్చు. కానీ దాని స్ఫూర్తిని భారత్ దశాబ్దాలుగా గుర్తుచేస్తూనే ఉంది. మండలి శాశ్వత సభ్యులు ఆదేశం రాస్తారు, ధనిక దేశాలు బిల్లు కడతాయి, సైనికులు నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, భారత్‌ల నుంచి వెళ్తారు. ఇప్పుడు అందరికన్నా ఎక్కువమందిని పంపుతున్నది నేపాల్. నేపాలీ గూర్ఖా తన దేశం సైన్యంలోనూ, భారత గూర్ఖా మన రెజిమెంట్లలోనూ నీలి హెల్మెట్ పెట్టుకుంటున్నారు. బరువు ఎవరి మెడ మీద పడుతోందో సాలువా వీధుల్లో తిరిగితే చాలు, తెలిసిపోతుంది.

2014 తర్వాత సమితి పెద్ద మిషన్ ఒక్కటీ కొత్తగా పెట్టలేదు. 2023 చివరికి మాలీ మిషన్ మూతపడింది. లెబనాన్‌లో 1998 నుంచి మన పటాలం ఉన్న దళాన్ని 2026 డిసెంబరు 31తో ముగించాలని మండలి నిర్ణయించింది. డబ్బు కొరతతో 2025 అక్టోబరులో సమితి తన దళాల్లో నాలుగో వంతు తగ్గిస్తానంది. తగ్గించినప్పుడు మొదట పోయేది మారుమూల స్థావరాలే. అకోబో లాంటి చోట తలదాచుకునేవాళ్లకు ఆ తర్వాత దిక్కెవరు అన్నది ఏ బడ్జెట్ పట్టికలోనూ ఉండదు.

కాంగో మిషన్ గడువు ఏటా డిసెంబరులో మండలి ముందుకు పొడిగింపు కోసం వస్తుంది. ఢిల్లీ ఈసారి చేతులు కట్టుకుని ఎదురుచూడకుండా మూడు ప్రశ్నలు రాసి పంపాలి. గోమా పరిసరాల్లో ఎం23 అధీనంలో ఉన్న ఊళ్లలో పౌరుణ్ణి కాపాడమంటే సైనికుడు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు? స్థావరం చుట్టుముట్టినప్పుడు సాయానికి వచ్చే హెలికాప్టర్లు ఏ దేశానివి, ఎన్ని గంటల్లో వస్తాయి? ఉపసంహరణ మొదలైతే స్థావరంలో ఆశ్రయం తీసుకున్నవాళ్లను ఎవరికి అప్పగించాలి? 1961 ఫిబ్రవరిలో తీర్మానం చేతికొచ్చాకే నెహ్రూ బ్రిగేడ్‌ను కదిలించారు. ఆ పద్ధతికి మళ్లీ వెళ్లడానికి కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటులో ఒక పూట చర్చ పెట్టి, ఈ మూడింటికి జవాబులు వచ్చాకే తర్వాతి పటాలాన్ని విమానం ఎక్కించాలి.